జత ఎవరితో, షరతులు ఎవరివి?

పెనుకొండ ప్రాంతం నుంచి వచ్చి మా దగ్గర పీజీ చదువుతున్న విద్యార్థి ఒకడు ఈ మధ్య తరగతి ముగిశాక ఆగి ఒక ప్రశ్న అడిగాడు. పాత కోట గోడల గురించీ, వాటి చుట్టూ ఉన్న వాడల గురించీ అతడు చిన్న చిన్న వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. చూసేవాళ్ళు వందల్లోనే ఉన్నారు. లక్షల్లో ప్రేక్షకులున్న మరో చానల్ వారు అతణ్ణి కలిసి పనిచేద్దామని పిలిచారు. 'వెళ్ళమంటారా సార్?' అన్నది అతడి ప్రశ్న. ఆ వీడియో ఎవరి ఖాతాలో ఉంటుందని అడిగాను. తెలియదన్నాడు. అడగాలన్న ఆలోచనే రాలేదట. 'మనల్ని పిలవడమే గొప్ప కదా సార్' అన్నాడు. ఈ వ్యాసానికి కారణం ఆ చివరి మాట.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం బెంగళూరు వైపు వెళ్ళే రైలు మార్గం మీది ఊళ్ళు. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమయ్యాయి. ధర్మవరానికి పట్టుచీర ఉంది. పెనుకొండకు విజయనగర రాజుల కోట, బాబయ్య దర్గా, ఎర్రమంచి దగ్గరి కియా కార్ల కర్మాగారం ఉన్నాయి. హిందూపురానికి పట్టుగూళ్ళ మార్కెట్టు, రెండు భాషలు కలిసే సరిహద్దు జీవితం ఉన్నాయి. చేతిలో సెల్‌ఫోను ఉన్న యువతకు ఇక్కడ చెప్పడానికి కథలు కొదవ లేవు. ఒంటరిగా చెప్పేవాళ్ళ గొంతు దూరం పోదు కనుక తోడు కోసం వెతుకులాట సహజం. ఆ తోడును ఎలా ఎంచుకోవాలన్నది సాంకేతిక విషయంగానో, వ్యాపార చిట్కాగానో మాత్రమే చెలామణి అవుతోంది. నిజానికి అది కులంతో ముడిపడిన ప్రశ్న. దాన్ని అలా చూడకపోతే నష్టపోయేది ఎవరో ముందే తెలిసిన సంగతి.

తోడు ఎంపికకు సాధారణంగా ఇచ్చే సలహా మూడు మాటల్లో ఉంటుంది. మీతో సమానంగా సబ్‌స్క్రైబర్లున్న వారిని చూసుకోండి, మీ అంశానికి దగ్గరి అంశం ఉన్నవారిని చూసుకోండి, మీ ప్రేక్షకుల వంటి ప్రేక్షకులున్న వారిని చూసుకోండి. మూడింటికీ మూలం ఒకటే: మీలాంటి వారిని వెతుక్కోండి. పైకి నిరపాయంగా కనిపించే ఈ సూత్రాన్ని మన సమాజంలో అమలు చేస్తే జరిగేదేమిటి? ఎవరికి ఎంతమంది ప్రేక్షకులున్నారన్నది ప్రతిభ ఒక్కటే తేల్చే లెక్క కాదు. మంచి కెమెరా కొనగలగడం, బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండే బంధువు, ఎడిటింగ్ తెలిసిన మిత్రుడు, ఆదాయం లేకున్నా రెండేళ్ళు ఓపిక పట్టగల కుటుంబం, ఇవన్నీ ఆ అంకె వెనుక ఉంటాయి. ఇవి ఏ ఇళ్ళలో ఉంటాయో చెప్పడానికి సర్వే అవసరం లేదు. సమానులతోనే జతకట్టాలన్న సూత్రం ఇప్పటికే ఉన్నవారిని ఉన్నవారితో కలుపుతుంది, లేనివారిని లేనివారి దగ్గరే వదిలేస్తుంది.

1916 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేడ్కర్ కులానికి ప్రాణం ఎక్కడుందో చూపించారు. తమలో తాము మాత్రమే వివాహాలు చేసుకోవడం, అంటే తలుపులు మూసుకోవడం కులానికి మూలమని ఆయన నిర్ధారణ. కొందరు తలుపులు మూసుకుంటే, మిగిలినవారు కొంత అనుకరించి, కొంత గత్యంతరం లేక మూసుకున్నారని వివరించారు. పెళ్ళికి పిలవకపోవడానికి ద్వేషం అక్కర్లేదు. ఆ ఇంటి పేరు తలపుకు రాకపోతే చాలు. సహ సృష్టికర్తల ఎంపికలోనూ కులం మొదట ఈ రూపంలోనే పనిచేస్తుంది. 'వద్దు' అని ఎవరూ అనరు. ఫోనులో ఉన్న నంబర్లలో ఆ పేరు ఉండదు, అంతే.

పత్రికలు, టీవీల చరిత్ర ఇదే చెబుతుంది. ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి 2019లో వెలువరించిన నివేదిక దేశంలోని వార్తా సంస్థల్లో 121 నాయకత్వ స్థానాలను పరిశీలిస్తే 106 అగ్రకులాల చేతిలో ఉన్నట్టు తేలింది. దళితులు, ఆదివాసీలు ఒక్కరూ లేరు. యూట్యూబ్ వచ్చాక ఈ గేటు బద్దలైందని సంబరపడ్డాం. సంబరం పూర్తిగా తప్పు కాదు. హైదరాబాదులో పరిశోధక విద్యార్థిగా ఉన్న రవిచంద్రన్ 'దళిత్ కెమెరా'ను మొదలుపెట్టినప్పుడు ఏ సంపాదకుడి అనుమతీ తీసుకోలేదు. కానీ గేటు పోయినంత మాత్రాన దారి అందరికీ ఒకే వెడల్పు అయిపోదు. ఒక చానల్ నుంచి మరో చానల్‌కు ప్రేక్షకులను నడిపించే దారి సహకారమే. ఎవరు ఎవరితో కలిసి కనిపిస్తున్నారన్నది ఆ దారిని నిర్ణయిస్తోంది.

మన సాహిత్యానికి ఇది కొత్త అనుభవం కాదు. తెలుగులో జంటకవుల సంప్రదాయం ఎంతో ఘనమైనది. తిరుపతి వేంకట కవులు, వేంకట పార్వతీశ కవులు, కొప్పరపు సోదర కవులు. రెండు పేర్లు ఒక్క పేరుగా మారడం, ఏ పద్యం ఎవరిదో విడదీయరానంతగా కలిసిపోవడం అందులోని గొప్పతనం. ఈ జంటల్లో ఇద్దరిదీ ఒకే సామాజిక వర్గం కావడం యాదృచ్ఛికం కాదు. కలిసి చదివిన గురువు, కలిసి తిన్న పంక్తి, కలిసి వెళ్ళిన సంస్థానం అక్కడ జతను కుదిర్చాయి. వినుకొండలో జాషువా, ఆయన బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి కూడా జంటగా కవిత్వం చెప్పాలనుకున్నారు. ఇద్దరి పేర్లను ఎటు కలిపినా పొందిక కుదరక ఆ ప్రయత్నం విరమించుకున్నారని జాషువా జీవితకథ చెప్పేవారు సరదాగా చెబుతారు. ఆ స్నేహం నిజమైనది, విలువైనది. అయినా దీన్ని నవ్వుతో దాటేయకుండా ఒక్క క్షణం ఆగితే, కులం గీసిన గీతకు రెండు వైపులా ఉన్న ఇద్దరు ఒకే పేరుతో పిలిపించుకోవడానికి మన భాషలో అలవాటైన నమూనా అంటూ లేకపోయిందని తోస్తుంది. ఇప్పుడు ఫోను తెర మీద రెండు చానళ్ళ పేర్లు పక్కపక్కనే పెట్టడానికి ఒక బటన్ చాలు. ఆ బటన్ నమూనాను ఇవ్వదు. దాన్ని మనమే తయారు చేసుకోవాలి.

ఆ తయారీకి ధర్మవరం మగ్గం మంచి పాఠం. పట్టుచీర ఒక్కరి చేతిలో పుట్టదు. పడుగు సిద్ధం చేసేవారు, అచ్చు అతికేవారు, జకార్డు అట్టలు కొట్టేవారు, ఇంట్లో కండెలు చుట్టే ఆడవాళ్ళు, మగ్గంలో కూర్చునే నేతగాడు, ఇందరి కష్టం కలిస్తే చీర. పద్మశాలి, తొగట, దేవాంగ వంటి చేనేత కులాలే కాక ఇతర కులాల వారూ, ముస్లింలూ ఈ పనిలో ఉన్నారు. ఇంతటి సహకారం జరిగే చోట యాజమాన్యం మాత్రం సహకారంలో లేదు. పట్టు ఇచ్చేది, డిజైను ఇచ్చేది, చీర తీసుకుని అమ్మేది మాస్టర్ వీవర్. నేసినవారికి దక్కేది చీరకు ఇంత అని మజూరి. కండెలు చుట్టిన ఇల్లాలికి అదీ విడిగా రాదు. కలిసి పనిచేయడం ఒకటి, కలిసి సొంతం చేసుకోవడం మరొకటి అన్నది ధర్మవరానికి తరతరాలుగా తెలుసు.

నేడు చీరల దుకాణాల వీడియోల్లో అదే పునరావృతమవుతోంది. తెర మీద మాట్లాడేవారి పేరు, దుకాణం పేరు, ఫోను నంబరు కనిపిస్తాయి. మధ్యలో కాసేపు మగ్గం, దాని వెనుక నేతగాడి చేతులు. ఆ చేతులకు పేరుండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మరమగ్గం మీద నేసిన చీర చేనేత పేరుతో అమ్ముడుపోతోందన్నది ధర్మవరం నేతన్నల చిరకాల ఫిర్యాదు. చీరతో సహా 11 రకాల వస్త్రాలను చేనేతకు ప్రత్యేకించిన 1985 నాటి చట్టం ఉన్నా ఆ ఫిర్యాదు తీరలేదు. అలాంటి చీరకు ఒక నేత కుటుంబపు యువకుడు 'మా ఊరి మగ్గం' అంటూ వీడియోలో సాక్ష్యం చెబితే, అతడు తన తండ్రి మజూరికి తానే గండి కొట్టినట్టు. డబ్బో బహుమతో తీసుకుని వస్తువుకు ప్రచారం చేస్తే ఆ సంగతి ప్రేక్షకుడికి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. సహ సృష్టికర్తను ఎంచుకునే ముందు అతడు అమ్మేదేమిటో, ఎవరి కడుపు కొట్టి అమ్ముతున్నాడో తెలుసుకోవడం నైతిక బాధ్యత మాత్రమే కాదు, స్వీయరక్షణ కూడా.

ధర్మవరం గురించి మాట్లాడుతూ 'గుడ్ మార్నింగ్ ధర్మవరం' ప్రస్తావన లేకుండా ఉండలేం. శాసనసభ్యుడిగా ఉన్నప్పుడు కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి ఉదయాన్నే వీధుల్లో తిరుగుతూ సమస్యలు విన్న ఆ వీడియోలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విపరీతంగా జనంలోకి వెళ్ళాయి. ప్రజాప్రతినిధి గడప దగ్గరికి రావడం, అధికారులను అక్కడికక్కడే ప్రశ్నించడం మంచి పద్ధతి, కాదనలేం. మీడియా విద్యార్థి గమనించవలసింది వేరే ఉంది. ఆ వీడియోల్లో అడిగేవాళ్ళు వందలమంది. పింఛను రాని వృద్ధురాలు, కాలువ లేని వాడ, పట్టా లేని కుటుంబం. వాళ్ళు లేకపోతే వీడియోనే లేదు. అయినా కథానాయకుడు ఒక్కడే. కెమెరా ఆయన వెంట నడుస్తుంది, ఆయన వీధి మలుపు తిరిగితే ఆ ఇల్లు తెర మీంచి మాయమవుతుంది. ఇది ఏ ఒక్క నాయకుడి తప్పో, ఏ ఒక్క పార్టీ పద్ధతో కాదు. వినేవాడు అధికారంలో, చెప్పేవాడు అర్జీలో ఉన్నంత కాలం దృశ్యం అలాగే ఉంటుంది. 2024 ఎన్నికల్లో ఆయన నాలుగు వేల లోపు ఓట్ల తేడాతో సత్యకుమార్ యాదవ్ చేతిలో ఓడిపోయారు. ఆ ఫలితానికి అనేక రాజకీయ కారణాలున్నాయి, వీడియోలతో దాన్ని కొలవలేం. కానీ తెర మీద కనిపించడం, తెరలో భాగస్వామి కావడం ఒకటి కాదన్న పాఠం మాత్రం మిగిలింది. చాలా చానళ్ళు దళితవాడకు వచ్చి 'కలిసి చేద్దాం' అన్నప్పుడు నిజానికి ఇవ్వజూపేది ఆ మొదటిదే.

కనిపించడానికీ భాగస్వామ్యానికీ ఉన్న దూరం ఎంత ఖరీదైనదో పన్నెండు మెట్ల కిన్నెర చెబుతుంది. దర్శనం మొగులయ్య నాగర్‌కర్నూల్ ప్రాంతపు కళాకారుడు, అట్టడుగున ఉంచబడిన దక్కలి సమాజం వాడు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటకు ఆయన గొంతు, కిన్నెర ఆరంభమయ్యాయి. పాట కోట్లసార్లు వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పొట్టకూటికి దినసరి కూలి పని చేస్తున్నారని పత్రికలు రాశాయి. ఇందులో ఏ ఒక్కరినీ దోషిగా నిలబెట్టలేం. సినిమా వారు ఆయనను వెలుగులోకి తెచ్చారు, ప్రభుత్వాలు సత్కరించాయి. అయితే కీర్తి పంచుకున్నంత సులువుగా హక్కు పంచుకునే ఏర్పాటు మన దగ్గర లేదు. పాట మోగిన ప్రతిసారీ ఆ కుటుంబానికి ఎంతో కొంత చేరే ఒప్పందం ఉంటే శాలువాలు, సహాయనిధుల అవసరం ఏముంటుంది?

ఇలాంటి అనుభవం అమెరికాలోనూ ఉంది. జలాయా హార్మన్ అనే 14 ఏళ్ళ నల్లజాతి బాలిక 2019లో 'రెనిగేడ్' అనే నృత్యాన్ని కూర్చింది. టిక్‌టాక్‌లో పేరున్న శ్వేతజాతి యువతులు దాన్ని చేసి ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. కూర్చిన అమ్మాయి పేరు ఎక్కడా లేదు. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆ సంగతి రాశాక ఆమెను పెద్ద బాస్కెట్‌బాల్ వేదికకు పిలిచారు, ఆ ప్రముఖులతో కలిసి ఆమె నృత్యం చేసింది. ఆ మరుసటి ఏడాది నల్లజాతి సృష్టికర్తలు, పేరివ్వకపోతే కొత్త నృత్యాలే కూర్చబోమంటూ సమ్మె కట్టారు. సహకారం మొదట జరగవలసింది, గొడవయ్యాక జరిగింది. క్రమం తారుమారైతే సహకారం పరిహారంగా మారిపోతుంది.

మరి సరైన తోడు ఎవరు? నా విద్యార్థికి నేను చెప్పింది నాలుగు ప్రశ్నలు. పేరు ఎవరిది, ఖాతా ఎవరిది, కత్తెర ఎవరిది, ముప్పు ఎవరిది. ఎదుటివారి కులమేమిటని ఆరా తీయడం కన్నా ఈ నాలుగింటికి వారిచ్చే జవాబు వారిని ఎక్కువగా పట్టిస్తుంది.

పేరు సంగతి తేలికగా తీసుకోరాదు. మన కాపీరైటు చట్టం ప్రకారం చలనచిత్రానికి, వీడియోతో సహా, కర్త నిర్మాత. తెర మీద మాట్లాడిన వ్యక్తి కాదు. ప్రదర్శకుడిగా తన పేరు గుర్తించాలని కోరే హక్కును 2012 సవరణ ఇచ్చింది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలని, కాలపరిమితి రాయకపోతే అయిదేళ్ళుగా భావించాలని అదే చట్టం చెబుతోంది. ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుని ఇద్దరూ సంతకం చేస్తే స్నేహం చెడదు. కాగితం అడిగితే చెడిపోయే స్నేహం అసలు సమాన స్నేహం కాదు.

ఖాతా అంటే డబ్బు మాత్రమే కాదు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి పూర్తి అర్హత రావాలంటే సాధారణంగా 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అర్హత ఉన్న చానల్‌కు నిడివి గల వీడియోల ప్రకటనల రాబడిలో 55 శాతం వెళుతుంది. వీడియో ఏ చానల్‌లో ఉంటే గంటలూ డబ్బూ ఆ చానల్‌వి. చిన్న చానల్ యువకుడు తన ఉత్తమ కథను పెద్ద చానల్‌లో చెప్పేసి వస్తే, తాను 4,000 గంటలు చేరడానికి ఉన్న ఒక్క మెట్టునూ వదిలేసుకున్నట్టే. ఇన్‌స్టాగ్రామ్ 2021లో తెచ్చిన 'కొలాబ్' సదుపాయంలో ఒకే పోస్టు ఇద్దరి పేజీల్లో కనిపిస్తుంది, మంచిదే. కానీ మొదట పెట్టినవారు తొలగిస్తే ఇద్దరి దగ్గరా పోతుంది. కనుక కథ ఎవరిదైతే పోస్టు వారి ఖాతా నుంచే బయలుదేరాలి. లేదా రెండు చానళ్ళకూ రెండు వేర్వేరు వీడియోలు తీయాలి. నిజంగా తోడు కావాలనుకునే పెద్ద చానల్‌కు ఇది పెద్ద త్యాగమేమీ కాదు.

కత్తెర ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు 1936 నాటి పాఠం ఉంది. లాహోరులోని జాత్-పాత్ తోడక్ మండల్ కుల నిర్మూలన కోరే సవర్ణ సంస్కర్తల సంఘం. తమ వార్షిక సభకు అధ్యక్షత వహించమని అంబేడ్కర్‌ను పిలిచింది. ప్రసంగం చదివాక కొన్ని భాగాలు మార్చమంది. ఆయన కామా కూడా మార్చనన్నారు. సభ రద్దయింది. ఆయన సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చువేశారు. 'కుల నిర్మూలన' అలా పుట్టింది. సదుద్దేశం ఉన్నవారి వేదిక, దాని మీద మంచి గౌరవ స్థానం, అయినా కత్తెర వారి చేతిలో ఉండటం ఆయనకు సమ్మతం కాలేదు. అదే పుస్తకాన్ని 2014లో నవయాన సంస్థ అరుంధతీ రాయ్ సుదీర్ఘ పరిచయంతో వెలువరించినప్పుడు హైదరాబాదుతో సహా అనేకచోట్ల దళిత మేధావులు అభ్యంతరం చెప్పారు. అంబేడ్కర్‌ను పరిచయం చేసే అధికారం ఎవరిది, ఎవరి పేరు మీద ఎవరి పుస్తకం అమ్ముడుపోతోంది అన్నది వారి ప్రశ్న. ఆ పరిచయాన్ని మెచ్చుకున్నవారూ ఉన్నారు. ఎటు వైపు నిలబడినా, ఆ చర్చ వల్ల ముందుమాట రాయడం కూడా అధికారమేనని తెలుగు పాఠకులకు స్పష్టమైంది. వీడియోకు మొదటి పది సెకన్లలో వచ్చే పరిచయ వాక్యమూ అంతే. ఒక దళిత యువతి చెప్పిన కథకు 'కన్నీళ్ళు ఆగవు' అనే శీర్షిక పెడితే ఆమె వాదన సానుభూతి కింద నలిగిపోతుంది. శీర్షిక, తెర బొమ్మ, చివరి కత్తిరింపు చూసి ఒప్పుకునే హక్కు లేని సహకారం సహకారం కాదు.

నాలుగోది ముప్పు. దీని గురించే ఎవరూ మాట్లాడరు. ఊరి గుడి దగ్గరో, చెరువు దగ్గరో, రెండు గ్లాసుల హోటల్ దగ్గరో కలిసి వీడియో తీస్తారు. పెద్ద చానల్ బృందం సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతుంది. ఆ ఊరి యువకుడు మర్నాడు పొద్దున్నే అదే వీధిలో నడవాలి, అదే పొలానికి పనికి పోవాలి. వ్యాఖ్యల్లో తిట్లు ఎక్కువగా పడేదీ అతడి మీదే. అమ్మాయి అయితే తిట్లు రెండు రకాలు. ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉన్న వీడియో ద్వారా చేసిన అవమానం కూడా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద బహిరంగ అవమానమే కాగలదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అయితే బాధితులు ఎస్సీలు, ఎస్టీలు అయినంత మాత్రాన చాలదని, కులం కారణంగా చేసిన అవమానమై ఉండాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు మరో కేసులో స్పష్టం చేసింది. అంటే చట్టం తోడుంటుంది, కానీ నిరూపణ భారం చిన్నది కాదు. అందుకే తోడు వచ్చేవారు వీడియో తర్వాతి వారం ఎక్కడుంటారన్నది ముందే అడగాలి. ఫిర్యాదు రాయవలసి వస్తే సంతకం చేస్తారా? తీసిన పూర్తి ఫుటేజి ఇస్తారా? స్టేషనుకు వస్తారా?

ఇన్ని చిక్కులెందుకు, మనవాళ్ళతో మనమే చేసుకుందాం అనే సమాధానం యువతలో బలంగా ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. ఎన్నడూ గది లేనివారు తమకంటూ గది కట్టుకోవడం, అన్ని గదులూ ఉన్నవారు తలుపు వేసుకోవడం ఒకటి కాదు. కుల గర్వాన్ని రీళ్ళలో ఊరేగించే ఆధిపత్య కులాల జతలనూ, అవమానానికి జవాబు చెప్పే దళిత, బహుజన జతలనూ ఒకే గాటన కట్టి 'అందరూ కులం మాట్లాడుతున్నారు' అనేవారు చరిత్రను దాచిపెడుతున్నారు. అయినా పుట్టుక ఒక్కటే తోడుకు కొలబద్ద కారాదన్నది అంబేడ్కర్ ఆచరణలోనే ఉంది. 1927లో మహాడ్ సత్యాగ్రహానికి బ్రాహ్మణేతర నాయకులు జేధే, జవల్కర్ మద్దతు ఇస్తామన్నారు, బ్రాహ్మణులను దూరం పెట్టాలన్న షరతుతో. ఆయన ఆ షరతును తిరస్కరించారు. అదే ఏడాది డిసెంబరు 25న అక్కడ మనుస్మృతి దహనం తీర్మానాన్ని ప్రతిపాదించింది బ్రాహ్మణుడైన సహస్రబుద్ధే. తర్వాత అంబేడ్కర్ పత్రిక 'జనత'కు ఆయన సంపాదకత్వం వహించారు. 1936లో సవర్ణ సంస్కర్తలను కాదన్న మనిషి, 1927లో సహస్రబుద్ధేను అక్కున చేర్చుకున్న మనిషి ఒక్కరే. రెండు చోట్లా ఆయన చూసింది షరతులను, పుట్టుకను కాదు. ఒకరు తన మాటను కత్తిరించబోయారు, మరొకరు తన పోరాటంలో ముప్పును నెత్తికెత్తుకున్నారు.

'మనవాళ్ళు' అన్న మాట కూడా ఇవాళ సూటిగా లేదు. ఎస్సీ వర్గీకరణను సమర్థిస్తూ 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఆర్డినెన్సు తర్వాత మాల, మాదిగ యువత చాలాచోట్ల వేర్వేరు చానళ్ళలో ఒకరి మీద ఒకరు వీడియోలు చేసుకుంటున్నారు. న్యాయమైన వాటా కోసం మాదిగలు మూడు దశాబ్దాలు చేసిన పోరాటానికి దాని విలువ ఉంది. భిన్నాభిప్రాయానికీ చోటుంది. కానీ ఒక మాల విద్యార్థి, ఒక మాదిగ విద్యార్థి ఒకే తెర మీద కూర్చుని, విభేదిస్తూనే లెక్కలు ముందు పెట్టుకుని మాట్లాడిన వీడియో ఎంతో విలువైనది. ఇంకా రెల్లి, డక్కలి, బుడగ జంగాల వంటి చిన్న కులాల పిల్లలను ఆ తెర మీదికి ఎవరు పిలుస్తున్నారు? అణచివేతకు గురైనవారు కూడా తమ కన్నా చిన్న గొంతును పిలిచేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలూ తమను తాము వేసుకోవలసి ఉంది. కింది మెట్టు మీద మరొకరు ఉన్నంత కాలం కులం అక్కడ కూడా కూర్చుంటుంది.

కనుక చేయవలసింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. హిందూపురంలోనో ధర్మవరంలోనో డిగ్రీ కళాశాలల్లో వీడియోలు తీసే విద్యార్థులు కనీసం వందలమంది ఉంటారు. వారికి కెమెరా కోణాలతో పాటు ఒక పేజీ ఒప్పందం రాయడం నేర్పవచ్చు. మగ్గం వీడియో తీస్తే నేసినవారి పేరు, కండెలు చుట్టినవారి పేరు తెర మీద వేయడం అలవాటు చేయవచ్చు, వారి అనుమతితో. పెద్ద చానళ్ళు నడిపేవారు ఈ జిల్లా నుంచి కథ తీసుకున్నప్పుడు కథ చెప్పినవారి చానల్ పెరిగిందా అని మూడు నెలల తర్వాత వెనక్కి చూసుకోవచ్చు. పెరగకపోతే అది సహకారం కాదు, సేకరణ.

నా విద్యార్థికి వెళ్ళవద్దని నేను చెప్పలేదు. ఎక్కువమందికి చేరాలన్న కోరిక అతడి హక్కు. నాలుగు ప్రశ్నలూ అడిగి, జవాబులు రాయించుకుని వెళ్ళమన్నాను. పిలవడమే గొప్ప అనుకునే స్థితిలో ఇన్నాళ్ళూ మన పిల్లలను ఉంచింది కులమే. పిలుపు వచ్చినప్పుడు 'ఏ షరతులతో?' అని నిదానంగా అడగగలిగిన రోజున, ఎవరితో జతకట్టాలన్న ప్రశ్నకు జవాబు వారికి వారే చెప్పుకోగలరు.